పాత ఫ్లాట్ ఇచ్చి కొత్తది తీసుకుంటే..?

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. పెన్షన్ రూ.38 వేలు. హైదరాబాద్‌లో 30 ఏళ్ల నాటి అపార్ట్‌మెంట్‌లో నాకు 1,100 అడుగుల ఫ్లాట్ ఉంది. ఎదురుగా 30 అడుగుల రోడ్డు. దీన్ని పడగొట్టి పది అంతస్తులు కడతామని, ఒక్కొక్కరికీ 1,600 అడుగుల ఫ్లాట్, మూడేళ్లపాటు నెలకు రూ.20 వేల అద్దె ఇస్తామని బిల్డర్ అంటున్నారు. 20 మందిలో 17 మంది ఒప్పుకున్నారు. మిగిలిన ముగ్గురం అడ్డుపడుతున్నామని మాటలు పడుతున్నాం. సంతకం పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, కానీ ఇప్పుడే కాదు. ‘అసోసియేషన్ చూసుకుంటుంది’ అన్న మాట నమ్మి ఊరుకోకండి. స్థలంలో మీకున్న అవిభాజ్య వాటా (విడదీయకుండా అందరికీ ఉమ్మడిగా ఉండే భూమిలో మీ వంతు) మీ పేరున రిజిస్టరై ఉంది, అసోసియేషన్ పేరున కాదు.

భవనం ఎత్తుకు అనుమతి ఇచ్చేది రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం చూసే. 30 అడుగుల రోడ్డు మీద పది అంతస్తులు రావడం కష్టం. అంతస్తులు తగ్గితే ముందు కోత పడేది మీ 1,600 అడుగులకే. ప్లాన్ శాంక్షన్, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు, బిల్డర్‌తో రిజిస్టరైన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ చేతికొచ్చాకే తాళాలివ్వండి.

తెలంగాణ భవన నిబంధనల కింద కట్టే వైశాల్యంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం) వచ్చేదాకా అది విడుదల కాదు. బిల్డర్ ప్లాన్ దాటి కడితే ఇరుక్కునేవి తనఖాలోని ఫ్లాట్లే. తనఖా మొత్తం బిల్డర్ వాటాలోంచే పెట్టాలని, మీ ఫ్లాట్ అందులో ఉండకూడదని నంబరుతో సహా రాయించండి. చాలామంది దీన్ని అడగనే అడగరు.

18 నెలలు ఆలస్యమైతే అద్దెకే రూ.3.6 లక్షలు. కొత్త ఫ్లాట్ అప్పగించేదాకా అద్దె ఇవ్వాలని, దానికి బ్యాంకు గ్యారంటీ ఉండాలని పట్టుబట్టండి. ముగ్గురూ కలిసి ఒకే లాయరును పెట్టుకుంటే ఫీజు మూడో వంతే పడుతుంది.

క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి చేతులు మారితే వచ్చే లాభంపై పన్ను) మామూలుగా కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో పడుతుంది. ఈలోపే మీ వాటా అమ్మితే ఆ వెసులుబాటు పోతుంది.

ఇంతకీ మీకు 1,600 అడుగులు కావాలా? మెయింటెనెన్స్ అడుగుకు రూ.3 అనుకున్నా నెలకు రూ.4,800. పెన్షన్‌లో ఎనిమిదో వంతు! 1,250 అడుగులు తీసుకుని, మిగతా 350కి డబ్బు అడగండి. బిల్డర్ 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) కోసుకుని ఇస్తారు, ఆదాయపు పన్ను రిటర్నులో చూపించుకోండి. పన్నుకు పోను మిగిలింది సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే, మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ మెయింటెనెన్స్‌కు పనికొస్తుంది.