క్రియేటివ్ నాన్‌ఫిక్షన్ అంటే ఏంటి, ఆన్‌లైన్‌లో ఏం చదివితే ఐడియా వస్తుంది?

సింపుల్‌గా చెప్పాలంటే జరిగిందే రాయాలి, కాకపోతే కథలా రాయాలండీ. "గుంటూరు మిర్చి యార్డులో రద్దీ" అంటే వార్త. అదే గేటు దాటగానే ఘాటుకి మనకి తుమ్ములు మొదలైతే, టిక్కీ (మిర్చి బస్తా) మోస్తున్నాయన మనల్ని చూసి నవ్వుకుంటూ పోయాడు అని రాస్తే ఇది. ఆయన నిజంగా నవ్వి ఉండాలి మరి, నవ్వకపోయినా నవ్వాడని రాస్తే అది కథ అయిపోద్ది, చాలామంది అక్కడే జారతారు (నేనూ జారాను లెండి).

చదవడానికైతే ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర చూడండి, 1830లో మద్రాసు నుంచి బయల్దేరి దారిలో చూసిన ఊళ్ళూ మనుషులూ అన్నీ రాసుకుంటూ పోయాడాయన, స్కాన్ కాపీ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఫ్రీగానే దొరుకుద్ది, భాష పాతది కాబట్టి ఓపిక పట్టాలి. బెజవాడలో ఉంటే బీసెంట్ రోడ్డులో ఓ గంట తిరిగి, విన్న బేరాలు విన్నట్టే ఫోన్‌లో టైప్ చేసుకోండి.