సైట్ గురించి కాదు తమ్ముడూ, ముందు రంగుల పుస్తకం చూసుకో

అడిగిన ప్రశ్న ఇది: "హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. రెండు కళ్లకూ మైనస్ 3 దాకా సైట్ ఉంది. పైలట్ మెడికల్ పాసవుతానా? ముందే లేసిక్ చేయించుకోవాలా?"

పాసవుతావు తమ్ముడూ. లేసిక్, అంటే సైట్ తీసేసే ఆ లేజర్ ఆపరేషన్, అక్కర్లేదు. నువ్వు అడిగినదానికి జవాబు ఇంతే. కానీ నువ్వు అడగని ముచ్చట ఒకటుంది. అది చెప్పకుండా వదిలేస్తే నాకు మనసున పట్టదు.

ముందు నీ టెన్షన్ తీరుస్తాను. ఎయిర్‌లైన్ పైలట్‌కు కావాల్సింది క్లాస్ వన్ మెడికల్. అందులో దూరపు చూపు ఒక్కో కంటికి కనీసం 6/9 (మామూలు కన్ను 9 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవడం), రెండు కళ్లూ కలిపి 6/6 ఉండాలి. అద్దాలు పెట్టుకుని చదివినా సరే, తీసి చదివినా సరే. దగ్గరి చూపుకు ఎన్5 అనే సన్నటి అక్షరాల కార్డును 30 నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో పెట్టి చదివిస్తారు. మైనస్ 3 ఉండి కళ్లలో వేరే జబ్బేమీ లేనివాళ్లు అద్దాలు పెట్టుకుంటే ఇవన్నీ గడగడా చదివేస్తారు. సర్టిఫికెట్ మీద మాత్రం అద్దాలు పెట్టుకునే నడపాలి, ఇంకో జత దగ్గర పెట్టుకోవాలి అని రాస్తారు. అద్దాలు తీస్తే చూపు 6/60 కన్నా తక్కువకు పడిపోయేవాళ్లను కంటి డాక్టర్ పూర్తి రిపోర్టు తెమ్మంటారు, ఐదేళ్లకోసారి మళ్లీ తెమ్మంటారు. నువ్వు ఆ గీత దగ్గర్లోనే ఉంటావేమో, చూపించుకో. అదేం పెద్ద అడ్డంకి కాదు.

మరి "అద్దాలున్నోడు పైలట్‌కు పనికిరాడు" అని మన దగ్గర చిన్న పిల్లవాడు కూడా ఎందుకంటాడు? నన్నడిగితే అది కాజీపేట రైల్వే కాలనీ నుంచి వచ్చిన మాట. మాది రైల్వే ఇల్లు. మా బాపు డ్రైవర్, అంటే ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారే, అది. రైల్వేలో ఆ ఉద్యోగానికి ఏ వన్ అనే మెడికల్ ఉంటుంది. అందులో అద్దాలు లేకుండానే రెండు కళ్లకూ 6/6 రావాలి. లేసిక్ చేయించుకున్నావని తెలిస్తే ఆ పోస్టుకు అక్కడే అన్‌ఫిట్. కాలనీలో ప్రతి ఇంటికీ ఈ రూలు తెలుసు. రైలు బండికే ఇంత కట్టుదిట్టం ఉంటే విమానానికి ఇంకెంత ఉండాలి అని లెక్కగట్టేశారు. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచి రూళ్లు కూడా గట్టివే కాబట్టి ఆ నమ్మకం ఇంకా ముదిరింది. మైనస్ 4 అద్దాలతో విమానం నడుపుతూ, రైలింజన్‌కు పనికిరాని మనుషులు ఉన్నారంటే మా కాలనీలో ఇప్పటికీ నమ్మరు.

ఇప్పుడు అసలు సంగతి. అద్దాలతో సరిచేయగలిగేది సైట్. అద్దాలతో సరికానిది రంగు. అప్పు తెచ్చి మరీ ఈ దారిలో దిగే పిల్లలు జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఆ రెండోదాన్ని. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

డిగ్రీ అయ్యాక నేనూ బాపు లాగే ఇంజనెక్కుదామనుకున్నాను. పరీక్ష రాశాను, పాసయ్యాను, మెడికల్‌కు పోయాను. అక్షరాల చార్టులో అడుగు వరస కూడా చదివాను. తర్వాత చుక్కల పుస్తకం తెరిచారు. పేజీ నిండా రంగు చుక్కలుంటాయి, వాటి మధ్య దాగిన అంకె చెప్పాలి. మొదటి పేజీలో 12 కనబడింది. అది అందరికీ కనబడుతుంది, అందుకే మొదట పెడతారు. ఆ తర్వాత ఒక్కటీ సరిగా చెప్పలేదు. అన్‌ఫిట్ రాసి చేతిలో పెట్టారు. అప్పటిదాకా నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదన్న సంగతి నాకే తెలియదు. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే చాలా తెలిసింది. మా అమ్మమ్మ వాళ్లది మిర్చి చేను. పండిన కాయలు ఏరడానికి పిల్లలందరినీ దింపేవాళ్లు. మా అక్క సాలు చివరిదాకా పోయి తిరిగొచ్చేసరికి నేను ఇంకా మొదట్లోనే ఆకులు తిప్పుతూ ఉండేవాణ్ని. పచ్చటి ఆకుల మధ్య ఎర్రటి కాయ అందరి కంటికీ దూకి కనబడుతుందట, నా కంటికి చేతికి తగిలితే గానీ కనబడదు. "సోమరిపోతు" అనేవాళ్లు.

సరే, నేను ఫిజిక్స్ సారునయ్యాను. అదొక బతుకు, బాగానే ఉంది.

ఇన్నేళ్ల తర్వాత మా అక్క కొడుకు పైలట్ అవుతానన్నాడు. వాడికీ అద్దాలున్నాయి, మూడు పైచిలుకు పవర్. బావ హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి పోయి మాట్లాడి వచ్చాడు. ఫ్లయింగ్ ఫీజు అంతా కలిపి అరకోటి అటూ ఇటూ, సీటు ఖాయం చేసుకోవడానికి ముందు అడ్వాన్స్. మెడికల్ సంగతేమిటని అడిగితే "అది మేం చూసుకుంటం" అన్నారట. కంటి పరీక్షను వాళ్లెట్లా చూసుకుంటారో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఒక్క పైసా కట్టొద్దు, ముందు రంగులు చూపిద్దాం అన్నాను. బావకు కోపం వచ్చింది. "నీకుంటే నీకున్నది. మా వంశంల ఎవ్వరికి లేదు" అన్నాడు.

అక్కడే ఉంది మెలిక. ఇది తండ్రి వంశం నుంచి కొడుక్కు రాదు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, కొడుక్కి ఎక్స్ ఇచ్చేది తల్లి. మా బాపు ఉద్యోగమంతా సిగ్నళ్లు చూస్తూనే గడిపాడు, ఆయనకు ఏ లోపమూ లేదు. నాకు వచ్చింది మా అమ్మ నుంచి. అమ్మకు రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి పాడైనా రెండోది కాపాడింది, ఆమె రంగులు ఆమెకు బాగానే కనబడేవి. మా అక్కకూ అదే పాడైన ఎక్స్ వచ్చి ఉండడానికి సగం అవకాశం. వస్తే వాళ్ల కొడుక్కి రావడానికి మళ్లీ సగం. మేనమామకు ఉందంటే మేనల్లుణ్ని చూపించాల్సిందే. ఇదంతా చెబితే అక్క "నాకు రంగులన్నీ మంచిగనే కనబడ్తయి గదరా" అని ఏడుపు మొహం పెట్టింది.

ముగ్గురం హనుమకొండలో నక్కలగుట్ట వైపు ఒక కంటి డాక్టర్ దగ్గరికి పోయాం. పెద్దాయన. పుస్తకం తీసి, ట్యూబులైటు కింద కాదని పిల్లవాణ్ని కిటికీ పక్కకు కూర్చోబెట్టాడు. బల్బు వెలుతురు మారితే రంగు మారుతుంది, పగటి వెలుతురే కావాలి. నేను వాడి వెనక నిలబడ్డాను. బావ కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

12. వాడికీ కనబడింది, నాకూ కనబడింది. పేజీ తిప్పారు. నాకు 3 కనబడింది. వాడు "8" అన్నాడు. గుండె గుభేలుమంది. ఇద్దరిలో తప్పు నాదేనని తెలుసు, అయినా ఆ క్షణంలో వాడే తప్పు చదివాడేమో అనిపించింది. ఇంకో పేజీ. నాకు 21, వాడు "74". డాక్టర్ మొహంలో ఏమీ లేదు, పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. కొన్ని పేజీల్లో నాకు బూడిద రంగు చుక్కలు తప్ప ఏమీ లేవు, వాడు ఆగకుండా చదువుతున్నాడు. ఇంతలో ఒక పేజీ దగ్గర వాడు ఆగిపోయాడు. ముందుకు వంగాడు. "ఏం లేదు సార్ ఇండ్ల" అన్నాడు. నాకేమో అక్కడ 5 కనబడుతోంది. ఆపుకోలేక "ఐదుంది గదరా" అన్నాను.

డాక్టర్ పుస్తకం మీద నుంచి తలెత్తి నా వైపు చూశాడు. "సార్, మీరెప్పుడన్నా రైల్వే మెడికల్‌కు పోయిన్రా?" అన్నాడు.

ఆ పేజీ అట్లాంటిదే. మామూలు కళ్లకు అందులో అంకె కనబడదు, నా బోటి వాళ్లకే కనబడుతుంది. జీవితంలో మొదటిసారి నాకు ఎక్కువ కనబడి ఒకడికి తక్కువ కనబడింది. అల్లుడు వెనక్కి తిరిగి "మామా, నీకు నిజంగనే కనబడ్తుందా? ఏది, వేలు పెట్టి చూపియ్యి" అని అక్కడే మొదలుపెట్టాడు. బావ ఫోన్ జేబులో పెట్టేసి, ఫీజు ఎంతో కూడా అడగకుండా డాక్టర్ చేతిలో నోట్లు పెట్టాడు.

ఈ పుస్తకం తయారు చేసింది షినోబు ఇషిహారా అనే జపాన్ డాక్టర్, 1917లో. అంతకు ముందే రైళ్ల వాళ్లు మేల్కొన్నారు. 1875లో స్వీడన్‌లో లాగర్లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాక, సిబ్బందిలో ఎవరికో రంగులు తెలియకపోవడమే కారణమై ఉంటుందని హోమ్‌గ్రెన్ అనే ప్రొఫెసర్ పట్టుబట్టి, రంగు రంగుల ఉన్ని దారాలు ఏరించే పరీక్ష పెట్టించాడు. విమానాల్లోనూ ఉత్త చాదస్తం కాదు. రన్‌వే పక్కన వరసగా నాలుగు లైట్లుంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనబడితే సరైన ఎత్తులో దిగుతున్నట్టు. నాలుగూ ఎరుపైతే మరీ కిందికి వచ్చేసినట్టు. 2002 జులైలో అమెరికాలోని తలహాసీలో ఫెడెక్స్ సరుకుల విమానం తెల్లవారకముందే దిగబోతూ చెట్లకు తగిలి కూలింది. లోపలున్న ముగ్గురూ బతికారు. అలసటతో పాటు, నడుపుతున్న ఫస్ట్ ఆఫీసర్‌కు ఉన్న రంగుల లోపాన్ని కూడా కారణాల్లో ఒకటిగా దర్యాప్తులో రాశారు. మరోవైపు ఆస్ట్రేలియాలో 1989లో డెనిసన్ అనే పైలట్ కేసు వేసి గెలిచాడు, అక్కడ రంగుల లోపమున్న వాళ్లూ విమానాలు నడుపుతున్నారు. నా మటుకు నేను పుస్తకం ఒక్కటే చూసి మనిషిని పక్కన పెట్టడం అన్యాయమనే అంటాను, లైట్లు చూపించి అడగాలి. పుస్తకంలో తప్పినవాళ్లకు లాంతరు టెస్ట్ అని, రంగు లైట్లు చూపించి రంగు పేరు అడిగేది ఒకటుంది, అది అడిగి చేయించుకోండి. అంతేగాని ఫోన్లో ఆ పేజీలు డౌన్‌లోడ్ చేసి బట్టీపట్టి పోకండి. వరస మార్చి చూపిస్తారు, ఒక్క నిమిషంలో దొరికిపోతారు. రంగులు తెప్పించే కళ్లద్దాలని అమ్మేవీ ఈ పరీక్షలో పనికిరావు.

ఇంకో మాట కడుపులో ఉంది, అదీ చెప్పేస్తాను. మా బడిలో కంటి క్యాంపు పెట్టినప్పుడల్లా అక్షరాల చార్టు గోడకు కొట్టి చదివించి పోతారు. ఆ చుక్కల పుస్తకం ఒక్కటి తెస్తే పిల్లవాడికి రెండు నిమిషాలు. ఎవరికీ పట్టదు. వాడు ఇంటరయ్యాక, పోటీ పరీక్షలు రాసి, ఉద్యోగం చేతికొచ్చాక తెలుస్తుంది. ఇక హనుమకొండ ఇంటర్ కాలేజీల సంగతి నువ్వే చూస్తున్నావు. తెల్లారకముందు స్టడీ అవర్, రాత్రి పది దాకా స్టడీ అవర్, గ్రౌండ్ అనేది బ్రోచర్ ఫోటోలోనే ఉంటుంది. ఎండపొద్దు మొహం చూడని పిల్లలకు సైట్ పెరగక ఏమవుతుంది? చదువుతో పాటు అద్దాలు ఫ్రీ అని బోర్డు పెట్టాలి వాళ్లు.

మన వరంగల్ దగ్గరి మామునూరు గురించి కూడా ఒకటి. నిజాం కాలంలో, 1930లో కట్టిన ఎయిర్‌పోర్టు, 1981 దాకా విమానాలు దిగినచోటు. 2025లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది కదా, ఇక మన పిల్లలందరికీ అక్కడే ఉద్యోగాలని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. ఆ ఊపులో కన్సల్టెన్సీ వాళ్లకు డబ్బు కట్టకు. రన్‌వే ఎక్కడ ఉన్నా మెడికల్ ఒకటే.

నువ్వు చేయాల్సింది ఏమిటంటే, ముందు మన దగ్గరే ఏదైనా మంచి కంటి ఆస్పత్రిలో చూపు, రంగులు, రెటీనా చూపించుకో. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌ను అడుగు. తర్వాత హైదరాబాద్‌లో డీజీసీఏ, అంటే పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ, గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ టూ మెడికల్. అది అయ్యాకే క్లాస్ వన్, దానికి బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ లాంటి చోట్లకు పోవాలి. అపాయింట్‌మెంట్ దొరకడానికి టైం పడుతుంది. రెండూ చేతికొచ్చేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు, మీ బాపుకు కూడా చెప్పు.

లేసిక్ ఎందుకు వద్దన్నానంటే, నీ వయసులో పవర్ ఇంకా నిలకడగా ఉండదు. ఆపరేషన్ చేయించుకుంటే కొంతకాలం ఆగి, కంటి రిపోర్టులు పట్టుకుని పోవాల్సి వస్తుంది. రేపు మనసు మారి రైల్వేకు పోదామంటే ఆ తలుపు మూసుకుపోతుంది. అద్దాలతో వచ్చే సర్టిఫికెట్ కోసం కన్ను కోయించుకోవడం ఎందుకు?

అద్దాలు చేయించేటప్పుడు ఒక్క జాగ్రత్త. షాపువాడు పోలరైజ్డ్ గ్లాసు మంచిదని అంటగడతాడు. కాక్‌పిట్‌లో కొన్ని స్క్రీన్లు వాటిలోంచి చూస్తే నల్లగా కనబడతాయి. ఎండకు నల్లబడే గ్లాసు కూడా వద్దు. రెండు జతలూ ఏ రంగూ లేని మామూలు తెల్ల గ్లాసుతోనే చేయించు, పరీక్షకు పోయేటప్పుడు రెండూ పట్టుకుపో.