పెట్టెలో తాతయ్య ఫోన్

ప్రశ్న: మాది విశాఖపట్నం, కూర్మన్నపాలెం. గాజువాకలో ఒక ప్రైవేట్ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. మా అబ్బాయి కూడా అక్కడే పదో తరగతి. పొద్దున్నే పిల్లల ఫోన్లు పెట్టెలో వేయించుకుని సాయంత్రం తిరిగి ఇచ్చే పని నాదే. పోయిన సోమవారం పాఠం మధ్యలో మావాడి ఒళ్లో ఫోన్ వెలుగుతూ కనిపించింది. పెట్టెలో వాడు వేసింది వాళ్ల తాతయ్య ఒకప్పుడు వాడుకుని పక్కన పడేసిన పాత ఫోన్! క్లాసందరి ముందూ చెంప మీద కొట్టాను. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. పెట్టింది తిని లేచిపోతున్నాడు. స్టీల్‌ప్లాంట్‌లో బి షిఫ్ట్ దిగి వచ్చిన మా ఆయన ‘కొట్టింది టీచరా, అమ్మా?’ అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఆయన అడిగినదానికి జవాబు మీకు తెలుసు. అదే ఇంకో పిల్లాడైతే ఫోన్ తీసుకుని, హెచ్‌ఎం గారికి అప్పజెప్పి, పాఠం చెప్పుకునేవారు. సొంత కొడుకే ఇలా చేశాడని తల కొట్టేసినట్టయింది, చెయ్యి లేచింది. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అది పద్నాలుగేళ్ల లోపు వాళ్లకే కదా, మావాడు దాటాడు కదా అని లెక్కలు వేసుకోకండి. దెబ్బ అందరి ముందూ పడింది కాబట్టి ‘ఆ రోజు నేను కొట్టడం తప్పు’ అన్న మాట కూడా అదే క్లాసులో చెప్పండి. ఒక్క వాక్యం చాలు. ‘కానీ నువ్వు...’ అని మొదలుపెట్టారో, క్షమాపణ అక్కడితో పోయినట్టే.

ఇక మీవాడి సంగతి. వాడు దాచుకున్నది ఫోన్ కోసమే అని నేను అనుకోవడం లేదు. టీచర్ కొడుకుగా అదే బడిలో చదవడం ఎంత ఇబ్బందో ఎప్పుడైనా అడిగారా? ఎవరు ఏం చేసి దొరికినా ‘వీడే వాళ్లమ్మకు చెప్పుంటాడు’ అంటారు. పెట్టె కాపలా కూడా అమ్మదే అయినప్పుడు, నేనూ మీలాంటివాణ్నే అని చూపించుకోవడానికి ఆ డమ్మీ ఫోన్ కంటే సులువైన దారి వాడికి ఏముంది? నా ఊహ తప్పైనా కావచ్చు, వాడినే అడగండి. ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టి మాత్రం కాదు. ఆదివారం బండి వెనక ఎక్కించుకుని అప్పికొండ తీరం దాకా వెళ్లి రండి. మొహం కనబడనప్పుడు ఈ వయసు పిల్లలు కాస్త నోరు విప్పుతారు. ఒకటి రెండు వారాలైనా తిండీ నిద్రా సరిగ్గా లేకుండా అలాగే ముడుచుకుని ఉంటే మానసిక ఆరోగ్య సలహాల హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పెట్టె బాధ్యత మీవాడి క్లాసు వరకైనా వేరే టీచరుకు ఇమ్మని హెచ్‌ఎం గారిని అడగండి. పెట్టె వద్దని కాదు. ఒకసారి దృష్టి చెదిరిన పిల్లాడు మళ్లీ పాఠంలో పడటానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని యునెస్కో 2023 నివేదికలో ఉంది. అంటే పీరియడ్‌లో సగం పోయినట్టే. మన రాష్ట్రంలో 2023 ఆగస్టులో బడుల్లో ఫోన్లు నిషేధించినప్పుడు, క్లాసులోకి టీచర్లు కూడా తీసుకెళ్లకూడదన్నారు. మరి మీ స్టాఫ్ ఫోన్లు ఎక్కడుంటున్నాయి? పిల్లలు ముందు చూసేది అదే.

రాత్రి హోంవర్క్ వాట్సాప్‌లో పంపేది మనమే, పొద్దున ఫోన్ లాక్కునేదీ మనమే! హోంవర్క్ డైరీలో రాయించండి. ట్యూషన్ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుందని ఫోన్ ఇచ్చి పంపే తల్లిదండ్రులూ ఉంటారు, వాళ్ల భయం వాళ్లది. ఏదైనా అవసరమైతే ఆఫీస్ నంబర్‌కు చేయమనండి, ఆ ఫోన్ ఎత్తే మనిషి మాత్రం తప్పకుండా ఉండాలి. మధ్యాహ్నం అన్నం టైముకి అమ్మలు చేసే కాల్స్ కోసమే రెండో ఫోన్ దాచుకునే పిల్లలు ఎంతమందో మీకు తెలియంది కాదు. స్మార్ట్ వాచ్‌లు కూడా పెట్టెలోకే.

అన్నట్టు, ఆ పాత ఫోన్ ఇంకా స్కూల్ బీరువాలోనే ఉందా? రేపు ఇంటికి తెచ్చేయండి. వాళ్ల తాతయ్యది కదా.