కోనసీమలో కారు లేకుండా తిరగొచ్చా అండి?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. సంక్రాంతి దాటాక దిండిలో మూడ్రోజులకి రూమ్ తీసుకున్నాం, నేను, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అంతర్వేది, అప్పనపల్లి గుళ్ళు చూడాలని అమ్మ కోరిక, పంటు (రేవు దాటించే బల్లకట్టు) ఎక్కాలని పిల్లల గోల. బస్సులు సరిపోతాయా, మూడ్రోజులూ కారు మాట్లాడేసుకోమంటారా? అమ్మ ఆధార్ ఇంకా తణుకు అడ్రసుతోనే ఉంది, ఫ్రీ బస్సు ఆవిడకి వర్తిస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: మూడ్రోజులూ కారెందుకండి, డబ్బులు దండగ, ఒక్కరోజు చాలు. కోనసీమంటే దీవే కదా, అటు గౌతమి, ఇటు వశిష్ఠ, దిగువన సముద్రం, మధ్యలో వైనతేయ ఇంకో పాయ, అందుకని మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి లెక్కేసుకుంటే దెబ్బతింటారు, వంతెన ఎక్కడుంది రేవు ఎక్కడుంది అదే చూస్కోవాలి. సఖినేటిపల్లి రేవులో నిలబడితే నర్సాపురం ఎదురుగానే కనిపిస్తుంది, పంటు ఆగిపోయిందా, చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగి చావాలి.

రైల్లో వస్తే పాలకొల్లులో దిగిపోండి. అక్కడ బస్టాండులో రాజోలు బస్సు ఎక్కితే చించినాడ వంతెన దాటగానే దిండి. కండక్టరుకి ముందే చెప్పి కూర్చోండి, పిల్లలు గోదారి చూస్తూ ఉంటే మీరు రాజోల్లో తేలతారు.

అంతర్వేదికి వెళ్ళేటప్పుడు రాజోలు మీంచి బస్సులో వెళ్ళండి, వచ్చేటప్పుడు సఖినేటిపల్లి దాకా ఆటోలో వచ్చి పంటెక్కి నర్సాపురంలో దిగి, పాలకొల్లు మీంచి దిండి చేరండి. పిల్లల గోలా తీరుతుంది, వెళ్ళిన దారినే మళ్ళీ రాకుండానూ ఉంటుంది. పంటంటే పడవల మీద బల్లలు పరిచి కట్టిందే, ముందు బైకులూ ఆటోలూ ఎక్కించేస్తారు, మిగిలిన సందుల్లో మనం, చేపల గంపలు. పోయినేడు నా చీర కుచ్చిళ్ళు ఎవరి బైకు చైన్లోనో పడ్డాయి, అవతలి రేవు దాకా ఆ అబ్బాయీ నేనూ కదల్లేదు! అమ్మగార్ని అంచున కాకుండా మధ్యలో నిలబెట్టండి. జనవరిలో మంచు దట్టంగా ఉంటే పొద్దున్నే పంటు కదలకపోవచ్చు, ఎండ వచ్చాకే రేవుకి రండి. ఇంకోటి, మాఘ శుద్ధ దశమి, ఏకాదశి మీ తేదీల్లో పడ్డాయేమో క్యాలెండర్ చూస్కోండి, దశమికి అంతర్వేదిలో స్వామి కల్యాణం, మర్నాడు రథం, ఆ జనంలో పెద్దావిడతో వద్దు.

కారు అప్పనపల్లి రోజున పెట్టుకోండి. బస్సుకైతే హైవే మీద మామిడికుదురులో దిగి లోపలికి ఆటో మాట్లాడుకోవాలి, షేర్ ఆటో అయితే నిండేదాకా కదలదు, నిండాక కూడా డ్రైవర్ పక్కన ఇంకొకళ్ళకి చోటుంటుందంటాడు. అదే కారు ఉంటే అయినవిల్లి వినాయకుడు, మురమళ్ళ వీరేశ్వరస్వామి అదే రోజు అయిపోతారు. అద్దెలో డ్రైవర్ బత్తా కలిసిందో లేదో ఎక్కకముందే తేల్చుకోండి.

ఫ్రీ బస్సు అమ్మగారికి ఉంటుంది. స్త్రీశక్తి 2025 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు, కాకపోతే ఆంధ్రా అడ్రసు ఉండాలి. మీ ఆధార్ హైదరాబాద్‌దైతే మాత్రం మీరు టికెట్ కొనాల్సిందే!

ప్రశ్న: అమలాపురానికి రైలు ఉందా? – ఒక పాఠకుడు

జవాబు: లేదండీ, మా తాతల కాలం నుంచీ అడుగుతూనే ఉన్నాం. కోటిపల్లి–నర్సాపురం లైను పనులు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి, మూడు పాయల మీదా వంతెనలు కట్టాలి మరి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలొచ్చింది, యుద్ధం రోజుల్లో 1940లో పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ వేసేసరికి 2004. ప్రస్తుతానికి రాజమండ్రిలో దిగి రావులపాలెం మీంచి బస్సులో రండి.