స్టార్స్ మ్యాచ్‌కి పిలిచారా? స్వెట్టర్ తీసుకుని వెళ్ళు

ప్రశ్న: అక్కా, డాలస్ వచ్చి మూడు నెలలైంది. మా మేనేజర్ టీమ్ అందరినీ స్టార్స్ హాకీ మ్యాచ్‌కి తీసుకెళ్తానంటున్నాడు. ఐస్ హాకీలో నాకు ఓనమాలు కూడా రావు. అక్కడ తెల్లమొహం వేసుకుని కూర్చోవడం కంటే ఏదో సాకు చెప్పి తప్పించుకుంటే మంచిదేమో?

సాకులు అట్టే పెట్టుకో తమ్ముడూ, ఇండియా నుంచి అమ్మావాళ్ళు వచ్చినప్పుడు పనికొస్తాయి. ఈ మ్యాచ్‌కి మాత్రం వెళ్ళు. అమెరికన్ ఫుట్‌బాల్ అయితే నీ భయంలో అర్థముంది. ఇక్కడివాళ్ళకి అది ఉగ్గుపాలతో వచ్చిన ఆట, మనం ఎంత నేర్చుకున్నా వెనకే ఉంటాం. హాకీ సంగతి వేరు. రోడ్డు మీద కాస్త మంచు కనిపిస్తే స్కూళ్ళకి సెలవు ఇచ్చేసే ఊరు ఇది. నీ పక్క సీటు వాడి నాన్నకి కూడా ఈ ఆట తెలిసి ఉండకపోవచ్చు. అసలు ఆ జట్టే నీలాగా వేరే ఊరి నుంచి సామాను సర్దుకుని వచ్చింది.

1967లో ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆరు జట్ల నుంచి పన్నెండుకి పెరిగింది. కొత్తగా వచ్చిన ఆరింటిలో మినసోటా నార్త్ స్టార్స్ ఒకటి. చెరువులు గడ్డకట్టే రాష్ట్రం, పిల్లలు నడకతో పాటే స్కేటింగ్ నేర్చుకునే చోటు. అంత అనువైన ఇంట్లో పుట్టినా జాతకం బాగోలేదు. తొలి సీజన్‌లోనే, 1968 జనవరిలో, బిల్ మాస్టర్టన్ అనే ఆటగాడు పడి తలకి దెబ్బ తగిలి రెండు రోజులకి చనిపోయాడు. హెల్మెట్ లేదు. అప్పట్లో పెట్టుకునేవాళ్ళే తక్కువ. 1981లో, 1991లో ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయారు. జనం రావడం తగ్గింది, స్టేడియం పేచీలు తెగలేదు, చివరికి యజమాని నార్మ్ గ్రీన్ 1993లో జట్టుని డాలస్‌కి తెచ్చేశాడు. పేరులో 'నార్త్' తీసేసి 'స్టార్స్' ఉంచుకున్నారు. మనవాళ్ళు ఇక్కడికొచ్చాక వెంకట సుబ్రహ్మణ్యాన్ని 'వెంకీ' చేసినట్టు.

మినసోటా వాళ్ళు నార్మ్ గ్రీన్‌ని ఈ రోజుకీ తిట్టుకుంటారు. మీ టీమ్‌లో ఎవరిదైనా ఆ రాష్ట్రమైతే ఈ విషయం ఎత్తు, మిగతా మాటలన్నీ వాళ్ళే చూసుకుంటారు.

నాకు ఈ జట్టు పరిచయమైంది ఆటతో కాదు, నిద్ర చెడగొట్టుకుని. వైటూకే (2000 సంవత్సరం కంప్యూటర్ తేదీల గొడవ) పుణ్యమా అని 1999లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో దిగాం. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్లో ఆరుగురం. జూన్ 19 రాత్రి ఎవరూ పడుకోలేదు, ఎందుకంటే తెల్లవారుజామున లార్డ్స్‌లో ఆస్ట్రేలియా, పాకిస్తాన్ ప్రపంచకప్ ఫైనల్. టీవీలో క్రికెట్ రాదు, కుయ్యోమనే మోడెమ్ మీద స్కోరు చూసుకోవాలి. అందాకా కాలక్షేపానికి టీవీ పెడితే బఫలోలో స్టార్స్ ఆడుతున్నారు. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్, ఆరో మ్యాచ్. అప్పటికి స్టార్స్ మూడు గెలిచారు, బఫలో రెండు. స్కోరు చెరొకటి. ప్లేఆఫ్స్‌లో డ్రా ఉండదు, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఆడుతూనే ఉంటారు. మొదటి ఓవర్‌టైమ్ అయింది, రెండోది అయింది. పులిహోర గిన్నె ఖాళీ అయింది. అర్ధరాత్రి దాటాక, మూడో ఓవర్‌టైమ్‌లో స్టార్స్ ఆటగాడు బ్రెట్ హల్ గోల్ కొట్టాడు. గదిలో ఒక్కడికీ రూల్స్ తెలియవు, అయినా కింది ఫ్లోర్ వాళ్ళు సీలింగ్ మీద కర్రతో కొట్టేంతగా అరిచాం.

ఆ గోల్ మీద గొడవ ఇంకా ఆరలేదు. గోలీ (గోల్‌కీపర్) ముందు నీలం రంగు వేసిన చోటులోకి పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) కంటే ముందు ఆటగాడు పాదం పెడితే ఆ సీజన్‌లో గోల్ చెల్లదనేవారు. హల్ పాదం లోపలుంది. పక్ అతని అదుపులోనే ఉంది కాబట్టి చెల్లుతుందని లీగ్ అంది. 'నో గోల్' అని బఫలో అంటూనే ఉంది. మన రనౌట్ తగువుల కంటే ఘాటుగా ఉంటుంది. డాలస్‌కి వచ్చిన స్టాన్లీ కప్ అదొక్కటే. మరుసటి ఏడు కూడా ఫైనల్ ఆడారు, న్యూజెర్సీ చేతిలో ఓడిపోయారు.

తర్వాత యజమాని టామ్ హిక్స్ సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2009 నుంచి వరసగా అయిదేళ్ళు జట్టు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. మధ్యలో, 2011లో దివాలా కోర్టు మెట్లెక్కింది, వాంకూవర్‌కి చెందిన టామ్ గాగ్లార్డి కొనుక్కున్నాడు. 2020లో కోవిడ్ వేళ ఖాళీ స్టేడియంలో ఫైనల్ ఆడి టాంపా చేతిలో ఓడారు. 2023, 24, 25 మూడేళ్ళూ ఫైనల్‌కి ఒక్క మెట్టు కిందే ఆగిపోయారు. ఈ బాధ మనకి బాగా అలవాటే కదా, అభిమానిగా సులువుగా కుదురుకుంటావు.

ఇక ఆట. పక్ అంటే నల్ల రబ్బరు బిళ్ళ. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, అచ్చం చిల్లులేని గారె. ఎగరకుండా ఉండాలని ముందే ఫ్రీజర్లో పెడతారు. గోలీతో కలిపి అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. నిమిషం కూడా కాకుండానే మనుషులు మారిపోతుంటారు, వాళ్ళ నంబర్లు వెతుక్కోకు. ఎదుటివాళ్ళ వైపున్న నీలం గీత పక్ కంటే ముందు దాటితే ఆఫ్‌సైడ్. తప్పు చేసినవాడు ఎక్కువగా రెండు నిమిషాలు ఆట బయటున్న పెట్టెలాంటి చోట కూర్చుంటాడు, అప్పుడు అవతలివాళ్ళకి పవర్‌ప్లే. మన పవర్‌ప్లే కాదు, ఒక మనిషి ఎక్కువ ఉండటం. మొదటిసారి ఇంతకన్నా అక్కర్లేదు.

జాతీయగీతం దగ్గర మాత్రం ఉలిక్కిపడకు. అందరూ నిలబడి శ్రద్ధగా వింటుండగా, పాటలో 'స్టార్స్' అన్న మాట రాగానే స్టేడియం మొత్తం గట్టిగా అరుస్తుంది. చివర 'స్టార్' దగ్గర ఇంకోసారి. ఏదో గొడవ జరిగిందనుకుని మా ఆయన మొదటిసారి నా చెయ్యి పట్టుకుని తలుపు వైపు లాగారు.

ఆ రోజే ఇంకో పొరపాటు చేశాను. బయట ఎండగా ఉంది కదా అని పల్చటి చుడీదార్, చెప్పులతో వెళ్ళాను. మంచు చుట్టూ ఉండే అద్దానికి దగ్గర సీట్లు. మొదటి ఇరవై నిమిషాలకే పాదాలు మొద్దుబారిపోయాయి. వెనక కూర్చున్న పెద్దావిడ తన దుప్పటి నా ఒళ్ళో వేసి, బ్రేక్‌లో మంచు నునుపు చేసే జాంబోని బండి తిరుగుతున్నంతసేపూ రూల్స్ చెప్పింది. నీకూ మేనేజర్‌తో మాట్లాడటానికి మ్యాచ్ మధ్యలో వచ్చే రెండు బ్రేకులే అసలు సమయం. ఫోన్ చూస్తూ గడపకు.

కారు తీయొద్దు, పార్కింగ్ వాయిస్తారు. ఇర్వింగ్ నుంచి డార్ట్ (డాలస్ లోకల్ రైలు) ఆరెంజ్ లైన్ ఎక్కితే విక్టరీ స్టేషన్‌లో స్టేడియం పక్కనే దిగుతావు. మ్యాచ్ నచ్చితే ఆ తర్వాత ఫ్రిస్కో గానీ ప్లేనో గానీ వెళ్ళు, స్టార్స్ పేరుతో రింకులున్నాయి, స్కేట్లు అద్దెకిస్తారు. అక్కడ మన పిల్లలే సర్రున జారుతుంటారు, మన నాన్నలే గోడ పట్టుకుని నడుస్తుంటారు. మందపాటి సాక్సులు వేసుకో, స్కేట్ తాడు చీలమండ దగ్గర బిగించి కట్టు.