క్యాబిన్ మీద డిఫ్లెక్టర్ కంటే ముందు లోడు మీద పట్టా సంగతి చూడండి

ఓపెన్ బాడీ లారీకి క్యాబిన్ పైన గాలి డిఫ్లెక్టర్, అంటే ఎదురుగాలిని లోడు పైకి మళ్ళించే వాలు పలక, బిగిస్తే డీజిల్ నిజంగా మిగులుతుందా, ఎత్తు నిబంధన పేరు చెప్పి ఆర్టీవో వాళ్ళు ఆపుతారా అని మీరు అడిగారు. మా నాన్నగారి కాలం నుంచి రావులపాలెంలో మాకు లారీలున్నాయి. అరటి గెలలు, కొబ్బరికాయలు, కొబ్బరి పీచు, ధాన్యం, ఏది దొరికితే ఆ లోడు వేస్తాం. అందుకని మొహమాటం లేకుండా చెబుతున్నాను. కోనసీమ సరుకు మోసే ఓపెన్ బాడీ లారీకి డిఫ్లెక్టర్ వల్ల ఒరిగేది చాలా తక్కువ. ఆ డబ్బు లోడు మీద కప్పే మంచి పట్టా (టార్పాలిన్) మీద, గట్టి తాళ్ళ మీద పెడితే అంతకంటే ఎక్కువ డీజిల్ మిగులుతుంది.

బండి వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. అంటే గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఎదురయ్యే అడ్డులో 40 దగ్గర ఉండేది నాలుగో వంతే. అంబాజీపేటలో లోడు ఎత్తుకొని కొత్తపేట మీదుగా రావులపాలెం వచ్చేదాకా ఏ డ్రైవరైనా 40 దాటించగలడా? ఆ రోడ్ల మీద డీజిల్ తాగేవి గాలి తగ్గిన టైర్లు, మాటిమాటికీ మార్చే గేర్లు, స్పీడు బ్రేకర్లు. పైగా రోడ్డు మీదికి వాలిన కొబ్బరి మట్టలు రాసుకొని రాసుకొని ఫైబరు డిఫ్లెక్టరు ఏడాది తిరగకముందే గీతలు పడి, అంచులు పగిలిపోతుంది. పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి 60 దాటాక మాత్రం గాలి లెక్కలోకి వస్తుంది. వేగానికి హద్దు పెట్టే స్పీడు గవర్నరు 80 దగ్గర ఎలాగూ ఆపేస్తుంది కనుక, మనకు పనికొచ్చేది ఆ మధ్యలో ఉన్న కాస్త వేగమే.

ఇందులో లోడు స్వభావం కూడా ఉంది. బియ్యం బస్తాలు వేస్తే ఎత్తు కంటే ముందు బరువు అడ్డుపడుతుంది. పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితిని 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచిన తరువాత కూడా బస్తాలు బాడీ చెక్కల పైకి పెద్దగా లేవవు. కొబ్బరి పీచు సంగతి వేరు. కాటా మీద బరువు తేలిగ్గానే తూగుతుంది కానీ లోడు మాత్రం మేడలా లేస్తుంది, ఇంకో వరుస వేయండి అని వ్యాపారి వెంటపడుతూనే ఉంటాడు. చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం సరుకు అనుమతించిన ఎత్తు దాటినా, పక్కలకు పొడుచుకు వచ్చినా 20,000 రూపాయల జరిమానా ఉంది, దించే ఖర్చు అదనం. ఆ జరిమానా కట్టేది లారీ వాడే తప్ప ఇంకో వరుస వేయమన్న వ్యాపారి కాదు.

ఒక జ్యేష్ఠమాసంలో అలాంటి పీచు లోడుతోనే విజయవాడ వైపు వెళుతుంటే క్యాబిన్లో నేను కూడా ఉన్నాను. మధ్యాహ్నం దాటింది, సముద్రం మీదుగా దక్షిణపు గాలి బాగా లేచింది. గోదావరి మీది సిద్ధాంతం వంతెన ఎక్కి సగం దూరం వెళ్ళేసరికి క్లీనర్ వైపు, అంటే ఎడమ వైపు, ముందు మూలన తాడు వదులై పట్టా అంచు లేచింది. గాలి లోపలికి దూరగానే పట్టా మొత్తం ఉబ్బి, వీపు మీద ఎవరో కర్రతో బాదుతున్నంత చప్పుడుతో కొట్టుకోవడం మొదలైంది. ఎదురుగాలికి గొడుగు పట్టుకొని సైకిలు తొక్కినవారికి ఆ లాగుడు ఎలా ఉంటుందో తెలుసు. డ్రైవరు కాలు యాక్సిలరేటరు మీద అలాగే ఉంది, బండి మాత్రం బ్రేకు వేసినట్టు మందగించింది. అతను నోరెత్తకుండా ఒక గేరు తగ్గించి, స్టీరింగు ఎడమకు కొద్దిగా ఒత్తిపట్టి వంతెన దాటించాడు. సిద్ధాంతంలో పక్కకు ఆపి, ముందు అంచును రెండు మడతలు వేసి పీచు కట్టల కిందికి దోపి, అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఇంకొకటి కొత్త తాడు లాగి కట్టారు. అక్కడి నుంచి తాడేపల్లిగూడెం దాకా అదే లోడు, అదే గాలి, అదే ఇంజను. అయినా డ్రైవరు టాప్ గేరులోంచి దిగవలసిన అవసరం రాలేదు. ఆ బండికి డిఫ్లెక్టర్ కూడా ఉంది సుమా! కాకపోతే దాని పై అంచు లోడు అంచు కంటే మూరెడు కిందే ఉంది.

ఇక నిబంధనల మీద నాకున్న కోపం చెప్పకుండా ఉండలేను. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. వాటిలో 93వ నిబంధన రాసినప్పుడు బండి పొడవు లెక్కలో చేర్చనక్కరలేని వస్తువుల జాబితా ఒకటి ఇచ్చారు. అందులో ఇంజను తిప్పే హ్యాండిలు ఉంది, నిచ్చెన ఉంది, 30 సెంటీమీటర్లు మించని తపాలా పెట్టె కూడా ఉంది. గాలిని మళ్ళించే పరికరం ఊసు మాత్రం లేదు. అమెరికాలో ట్రైలరు వెనుక అయిదు అడుగుల వరకు పొడుచుకు వచ్చే గాలి రెక్కలను పొడవులో లెక్కించరు. బండి వెనుక ఏర్పడే ఖాళీలోకి గాలి సుళ్ళు తిరిగి బండిని వెనక్కి లాగుతుంది, ఆ రెక్కలు దాన్ని తగ్గిస్తాయి. ఐరోపా సమాఖ్య కూడా 2015లో తన కొలతల చట్టాన్ని సవరించి, వెనుక మడతపెట్టే రెక్కలకూ, ముందు గుండ్రటి క్యాబిన్లకూ దారి ఇచ్చింది. మన దగ్గర 2020లో సరుకు బండ్ల ఎత్తును 3.8 మీటర్ల నుంచి 4 మీటర్లకు పెంచారు, సంతోషమే. కానీ ఆ పెరిగిన జానెడు ఎత్తును ఎవరు వాడుకున్నారో ఏ బాడీ కట్టే షెడ్డుకు వెళ్ళినా కనిపిస్తుంది. ముందు చెక్క గోడను నిటారుగా ఇంకొంచెం లేపారు, దాని మీద దేవుడి పేరు రాసిన పలక తగిలించారు. గాలికి ఎదురుగా నిలబెట్టిన ఆ పలకను తీసేయమంటే ఏ ఓనరూ ఒప్పుకోడు గానీ, మైలేజీ రావడం లేదని మాత్రం డ్రైవరును తిడతాడు.

మీ బండి మూసి ఉన్న కంటైనరు అయి, ఎక్కువ దూరం హైవే మీదే నడిచేదైతే డిఫ్లెక్టర్ తప్పకుండా పెట్టించండి. ఓపెన్ బాడీ అయితే తిరుగు ప్రయాణం ఖాళీగా వచ్చే సంగతి ముందు ఆలోచించండి. వెనుక ఎత్తైన లోడు లేనప్పుడు ఆ డిఫ్లెక్టరే గాలికి అదనపు అడ్డు అవుతుంది. కనుక కోణం మార్చుకోవడానికీ, వంచి పెట్టుకోవడానికీ వీలున్న రకం తప్ప వేరేది కొనకండి. ఎత్తు విషయంలో అభ్యంతరం రాకూడదంటే, టైర్లలో గాలి సరిగ్గా నింపి, సమతలంగా ఉన్న చోట నిలిపి, నేల నుంచి డిఫ్లెక్టర్ పై అంచు వరకు టేపుతో కొలిపించండి. అది 4 మీటర్ల లోపు ఉండాలి, వెడల్పులో 2.6 మీటర్లు దాటకూడదు. క్యాబిన్ పైకప్పుకు వెల్డింగు చేయనివ్వకండి, వానాకాలంలో అక్కడే తుప్పు పట్టి నీళ్ళు డ్రైవరు నెత్తిన కారతాయి. రబ్బరు వాషర్లు వేసి బోల్టులతో బిగించమనండి.