షో చూడటానికి వెళ్తే నేను పక్క వరసలో కూర్చుంటాను

మీరు అడిగింది రెండు ప్రశ్నలు. వేరే మెజీషియన్ల షోలు, వీడియోలు ఎన్ని చూసినా మీ షో బాగుపడటం లేదు, అసలు వాటిలో ఏం చూడాలి? మధ్యలో జనం ఫోన్లు తీసేస్తున్నారు, ఏం చెయ్యాలి? బరంపురంలో చదువుతూ కాలేజీ ఫంక్షన్లలో ఐటెంలు చేస్తున్నానని కూడా రాశారు. కాబట్టి మన ప్రాంతం అనుభవంతోనే చెబుతాను.

నాది పర్లాకిమిడి. పగలు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు, సాయంత్రాలు మ్యాజిక్. పుట్టినరోజులు, వినాయక చవితి పందిళ్లు, బడుల వార్షికోత్సవాలు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అక్కడ అందరూ తెలుగువాళ్లే. ఇటు కాశీనగరం, గుణుపురం వైపు వెళ్తే ఒకే పందిట్లో సగం తెలుగు, సగం ఒరియా, వెనకాల నిలబడ్డ సవర వాళ్లు. నేను నేర్చుకున్నదంతా ఈ కలగాపులగం జనం దగ్గరే.

మొదట్లో నేను చేసిన పొరపాటే మీరూ చేస్తున్నారేమోనని నా అనుమానం. అప్పట్లో నా దగ్గర పేరున్న ఒక మెజీషియన్ సీడీ ఉండేది. అరిగిపోయేదాకా చూశాను. తాడు ఐటెం, ఆయన హిందీ జోకులు, ఎక్కడ ఆగుతాడు, ఎక్కడ కనుబొమ్మ ఎగరేస్తాడు, అన్నీ బట్టీ పట్టాను. ఒక బడి వార్షికోత్సవంలో దించేశాను. ఆయన జనం నవ్వే చోట మూడు సెకన్లు ఆగేవాడు. నేనూ ఆగాను. ఎవరూ నవ్వలేదు. మొదటి వరసలో మూడో తరగతి పిల్లాడు ఒకడు జాలిగా, "మాస్టారూ, మరిచిపోనారా?" అన్నాడు. ఆ రోజు మొత్తానికి జనం నవ్వింది అప్పుడే.

తాడు ఐటెంలో తప్పేమీ జరగలేదు, చెయ్యి బాగానే ఆడింది. కానీ ఆయన ఆ మూడు సెకన్లు ఆగగలిగింది అంతకు ముందు ఆరు నిమిషాలు వాళ్లతో కబుర్లాడి చనువు తెచ్చుకున్నాడు కాబట్టి. ఆ ఆరు నిమిషాలు సీడీలో ఉన్నాయి, నేనే ఐటెం మొదలయ్యే చోటు దాకా జరిపేసి చూసేవాణ్ణి. మీరు కూడా వీడియోలో 'అసలు ట్రిక్' దగ్గరికి జరుపుతున్నారా? అయితే మానెయ్యండి.

నాకు కళ్లు తెరిపించింది సీడీ కాదు, గుణుపురం దగ్గర ఒక వారపు సంతలో గారడీ చేసే ముసలాయన. మూడు ఇత్తడి గిన్నెలు, గుడ్డ ఉండలు, ఒక డమరుకం, ముడేసిన ఒక జోలె. అంతే సరంజామా. వచ్చి కూర్చుని చెంబులో నీళ్లతో నేల మీద గుండ్రంగా గీత పోసేవాడు. పిల్లలు ఆ తడి గీత దగ్గర ఆగిపోయేవాళ్లు, ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత పావుగంట ఏమీ చేసేవాడు కాదు. జోలె ముడి విప్పడం, లోపలికి తొంగి చూడటం, తల అడ్డంగా ఆడించడం, మళ్లీ ముడెయ్యడం. ఉప్పు కొనడానికి వచ్చినవాడు కూడా అందులో ఏముందో చూసి పోదామని నిలబడేవాడు.

మొదటిసారి ఎదురుగా నిలబడి ఆయన చేతులే చూశాను. ఏమీ దొరకలేదు. మరుసటి వారం పక్కగా, దాదాపు ఆయన భుజం వెనక నిలబడ్డాను. ఈసారి దొరికింది. ఉండ ఎప్పుడు ఎక్కడికి పోతోందో స్పష్టంగా కనిపించింది (ఎలాగో ఇక్కడ రాయను, అది ఆయన తిండి). అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే ఆ క్షణాన ఎదుటి జనంలో ఒక్కరూ గిన్నెల వైపు చూడటం లేదు. దానికి సరిగ్గా ముందు ఆయన చంకలో బిడ్డతో నిలబడ్డ ఒకామెను చూసి, "అమ్మా, పిల్లోడికి ఎండ తగుల్తంది, కొంగు కప్పు" అన్నాడు. అందరూ ఆ బిడ్డ వైపు తిరిగారు. ఆమె కొంగు కప్పింది. పని అయిపోయింది.

ఆ మాట ఏ పుస్తకంలోనూ ఉండదు. అందులో ట్రిక్కు వాసనే లేదు. మరుసటి వారం అదే చోట "ఎవరిదో గొడుగు పడిపోయింది" అన్నాడు. అప్పుడర్థమైంది, ఆయన దగ్గర రాసిపెట్టుకున్న డైలాగు లేదు, సరిగ్గా ఆ చోట ఏదో ఒకటి అనాలన్న లెక్క మాత్రం ఉంది. మనం చూసి నేర్చుకోవాల్సింది ఆ లెక్క. దాని కోసమే అప్పటి నుంచి ఏ షోకి వెళ్లినా పక్క వరసలో కూర్చుంటాను. అక్కడి నుంచి స్టేజీ సగమే కనిపిస్తుంది, కానీ జనం మొహాలు బాగా కనిపిస్తాయి.

దీని మీద పరిశోధన కూడా జరిగింది. గుస్తావ్ కూన్, మైఖేల్ లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లాండులో చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. మెజీషియన్ బంతిని రెండుసార్లు నిజంగా ఎగరేస్తాడు, మూడోసారి ఎగరేసినట్టు నటిస్తాడు, బంతి చేతిలోనే ఉంటుంది. లేని బంతి వెంట అతని చూపు కూడా పైకి వెళ్తే, చూసినవాళ్లలో 68 శాతం మంది బంతి పైకి వెళ్లి మాయమైందనుకున్నారు. చెయ్యి అదే పని చేసినా చూపు చేతి మీదే ఉంచితే అలా అనుకున్నది 32 శాతమే. కళ్లు ఎటు తిరుగుతున్నాయో యంత్రంతో పట్టి చూస్తే, జనం చూస్తున్నది బంతిని ఒక్కదాన్నే కాదు, అతని మొహాన్ని కూడా.

కొట్లో నిమ్మకాయతో ఇది నేనే పరీక్ష పెట్టుకున్నాను. అద్దం ముందు చేస్తే పనికిరాలేదు, ఎందుకంటే అద్దంలో మనం మన చేతినే చూసుకుంటాం. అదే జబ్బు స్టేజీ మీదికీ వస్తుంది. ఫోన్ నిలబెట్టి రికార్డు చేసుకోండి. కొట్టు కుర్రాడు నా వీడియో చూసి "అన్నా, నువ్వే నీ చెయ్యి చూస్తున్నావు, ఇంక మేం చూడమా?" అన్నాడు. ఇరవై ఏళ్ల అనుభవం అని గొప్పలు పోతున్న నాకు ఆ మాట గట్టిగానే తగిలింది.

ఇప్పుడు షోలు చూసే పద్ధతి. లైవ్ షో అయితే నా జేబులో చిన్న నోటుపుస్తకం ఉంటుంది. ట్రిక్కులు రాయను. తలలు ఎప్పుడు లేచాయి, పిల్లలు ఎప్పుడు అటూ ఇటూ కదిలారు, ఎప్పుడు ఎవరు ఫోన్ తీశారు, అప్పుడు మెజీషియన్ ఏం చేస్తున్నాడు, టైము ఎంత. బరంపురంలో ఒక హాలుకి కోల్‌కతా నుంచి ఒక ట్రూపు వచ్చినప్పుడు ఇలాగే రాశాను. పెద్ద పెద్ద పెట్టెలు, పొగ, లైట్లు. నా పుస్తకంలో ఫోన్ల గుర్తులు ఎక్కువ పడింది సరిగ్గా ఆ పెట్టెలు తోసుకొచ్చి సర్దుతున్నప్పుడు. తలలన్నీ లేచింది మాత్రం ఆ ట్రూపు మెజీషియన్ మొదటి వరసలోని ఒక ముసలాయన చేతి గడియారం అడిగి తీసుకున్నప్పుడు. రెండున్నర గంటల షోలో అన్నిటికంటే చవకైన ఐటెం అది. తమవాళ్లలో ఒకరి వస్తువు ప్రమాదంలో పడితే జనం దాన్ని వదిలిపెట్టరు.

వీడియో అయితే మొదట సౌండు తీసేసి చూడండి, తర్వాత ఫోన్ బోర్లించి వినండి. రెండోదే ఎక్కువ నేర్పుతుంది. మాట ఎక్కడ నెమ్మదించింది, ఎక్కడ ప్రశ్న వేశాడు, ఎక్కడ ఊరుకున్నాడు, అవన్నీ చెవికే బాగా దొరుకుతాయి. వెనక్కి జరిపి జరిపి చెయ్యి పట్టుకోవడంలో గొప్పేమీ లేదు. ఏ ట్రిక్కయినా మూడుసార్లు చూస్తే చెప్పేస్తానని అమెరికా మెజీషియన్ హౌదినీ సవాలు చేసేవాడట. 1922లో షికాగోలో డాయ్ వెర్నన్ అనే ఇంకో మెజీషియన్ ఆయన చేతే ఒక పేకముక్క మీద పొడి అక్షరాలు రాయించి, దాన్ని పై నుంచి రెండో ముక్కగా పెట్టి, మళ్లీ అన్నిటికంటే పైకి వచ్చినట్టు చూపించాడు. ఏడెనిమిది సార్లు చూపించినా హౌదినీకి అంతుపట్టలేదు. మీ ముందు కూర్చున్న కాలేజీ కుర్రాళ్లందరూ చిన్నసైజు హౌదినీలే, పైగా వీడియో తీసుకుంటున్నారు. "మళ్లీ చెయ్యి" అని ఎంత గోల చేసినా అదే ఐటెం అలాగే రెండోసారి చెయ్యకండి.

మాటల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన దగ్గర ఇదే పెద్ద తలనొప్పి. మొదట్లో నేను ప్రతి వాక్యం తెలుగులో చెప్పి, మళ్లీ ఒరియాలో చెప్పేవాణ్ణి. ఒరియాలో చెబుతున్నంతసేపు తెలుగువాళ్లకు పని ఉండదు. పనిలేనివాడు ఏం చేస్తాడు? అయితే ఫోన్ తీస్తాడు, లేకపోతే నా చేతుల్ని పట్టి పట్టి చూస్తాడు. రెండూ నష్టమే. ఐటెం నిడివి కూడా రెట్టింపయ్యేది.

ఇప్పుడు అనువాదం మానేశాను. కథ సగం ఒక భాషలో, సగం ఇంకో భాషలో నడుస్తుంది. "రూపాయి ఎక్కడుంది?" అని తెలుగులో అడుగుతాను. తెలుగు పిల్లలు కుడి చెయ్యి అని అరుస్తారు. నేను ఒరియా వాళ్ల వైపు తిరిగి "కెఉఁ హాతరె?" అంటాను, వాళ్లు పోటీగా ఎడమ అంటారు. రూపాయి ఏ చేతిలోనూ లేదు. ప్రశ్న ఒకరికి, జవాబు ఒకరికి, అందుకని అవతలివాళ్లు ఏమన్నారో అని ఇద్దరూ చెవులు రిక్కించి ఉంటారు. ఇంకో లాభం కూడా ఉంది. అటు తిరిగినప్పుడు ఇటువాళ్లు "మన వంతు అయిపోయింది" అని ఒక్క క్షణం తేలికపడతారు. ముసలాయన కొంగు మాటతో తెచ్చుకున్న క్షణం నాకు భాష మారినప్పుడు ఉత్తినే దొరుకుతోంది. ఇది నేను ఎవరి షోలోనూ చూసింది కాదు. కానీ ఆయన్ని చూడకపోతే నాకు తట్టేది కాదు.

ఫోన్ల గురించి. "దయచేసి ఫోన్లు లోపల పెట్టండి" అని నేను ఎప్పుడూ అనను, అది మాస్టారి మాట. రెండు నిమిషాలకు మించి నేనొక్కణ్ణే మాట్లాడుతున్నానంటే తప్పు నాదే అనుకుంటాను. ఎవరిదో ఉంగరం, ఎవరిదో రుమాలు, ఎవరి పేరో, ఏదో ఒకటి జనంలోంచి రావాలి. ఐటెంకీ ఐటెంకీ మధ్య సామాను సర్దుకునే ఇరవై సెకన్లే అసలు గండం. దానికి నేను ఒక పిల్లాడి చేతిలో ఖాళీ డబ్బా పెట్టి, "ఇది ఎవరికీ ఇవ్వకు, తర్వాత చెబుతా" అంటాను. ఆ డబ్బా సంగతి షో ఆఖర్లో గానీ తేలదు. అందాకా అందరి కళ్లూ అప్పుడప్పుడూ ఆ డబ్బా మీదికి పోతూనే ఉంటాయి. స్టేజీ పైకి పిలిచినవాణ్ణి ఎగతాళి చెయ్యడం మాత్రం వద్దు. చాలామంది వీడియోల్లో చూసి నేర్చుకునేది అదే. ఇక్కడ ఒకసారి ఒకాయన్ని నవ్వులపాలు చేశామా, తర్వాత పిలిస్తే పందిట్లో ఒక్కరూ లేవరు.

ఆఖరి ఐటెం గురించి ఒక్క ఉదాహరణ. 1956 ఏప్రిల్‌లో బెంగాలీ మెజీషియన్ పి.సి.సర్కార్ బీబీసీ టీవీలో ఒక అమ్మాయిని రంపంతో కోసే ఐటెం చేశారు. ఆ అమ్మాయి లేవకముందే వ్యాఖ్యాత అడ్డొచ్చి ప్రోగ్రాం ముగించేశాడు. చచ్చిపోయిందేమోనన్న భయంతో జనం చేసిన ఫోన్లతో బీబీసీ లైన్లు నిండిపోయాయి. మర్నాడు పేపర్ల నిండా అదే వార్త. టైము అయిపోవడం వల్లే అలా జరిగిందనీ, కావాలనే చేశారనీ రెండు మాటలూ ఉన్నాయి. నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది, సర్కార్ టైము చూసుకోని మనిషా! మన స్థాయిలో ఆ పని చేస్తే చవితి కమిటీ వాళ్లు డబ్బులివ్వరు. కానీ జనం ఇంటికి ఏ బొమ్మ కళ్లలో పెట్టుకుని వెళ్లాలో ముందే అనుకుని, అక్కడ ఆపడం మన చేతిలో పనే.

ఒకరి షో చూసి ఏం తెచ్చుకోవచ్చు అన్నదానికి నా లెక్క ఇది: అందరికీ తెలిసిన పాత ఐటెం తెచ్చుకోవచ్చు, లయ తెచ్చుకోవచ్చు. వాళ్ల సొంత కథ, జోకు, వాళ్లు కనిపెట్టిన కొత్త ఐటెం ముట్టుకోకూడదు, కావాలంటే అడగాలి. నేను అడిగిన ఇద్దరిలో ఒకాయన వద్దన్నాడు, ఒకాయన కూర్చోబెట్టి నేర్పాడు.

ఆ ముసలాయన ఇప్పుడు లేడు. ఆయన కొడుకు అదే గిన్నెలతో అదే సంతకి వస్తున్నాడు. బరంపురం నుంచి శ్రమే గానీ, నౌపడ దగ్గర గుణుపురం రైలు ఎక్కితే చాలు. వెళ్తే ఆయన కుడి భుజం వైపు నిలబడండి. ఆఖరి గిన్నె ఎత్తకుండా దాని మీద చెయ్యి పెట్టి, గుడ్డ పరిచి డబ్బులు అడుగుతాడు. అప్పుడు జనంలో సగంమంది జారుకుంటారు. మిగిలిన సగాన్ని ఆయన ఏ మాటతో ఆపుతాడో వినండి, నాకు ఇప్పటికీ అది పూర్తిగా పట్టుబడలేదు. గుడ్డ మీద ముందు మీరే ఒక యాభై వెయ్యండి.